తూటా ఎక్కడుండాలి?

మా ఆయనకు పిస్టల్ లైసెన్సు వచ్చిన వారం ఇంట్లో పెళ్ళిచూపులంత హడావిడి. ప్రత్తిపాడు దగ్గర పొలం గట్టు తగాదాలో ఆయనకు వరసకు అన్న అయ్యే ఒకాయన "నీ అంతు చూస్తా" అన్నాడట. అన్నాక ఆ మహానుభావుడు మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని, కర్ర పట్టుకుని బాత్‌రూమ్ దాకా వెళ్ళడానికే ఆపసోపాలు పడుతున్నాడు. అయినా సరే, మా ఆయన నడుముకు ఆయుధం ఉండాల్సిందే!

ఇక చర్చ మొదలైంది. రోజూ వెంట పెట్టుకునే పిస్టల్లో తూటా ఎక్కడుండాలి? పటాలంలో చేసి పొదిలిలో స్థిరపడ్డ మా అన్నయ్య, "బావా, తూటాలు మ్యాగజైన్‌లో ఉండనీ, గొట్టం వెనకుండే ఛాంబర్ ఖాళీగా ఉంచు. అవసరమైతే పైనున్న స్లైడ్ వెనక్కి లాగితే అదే ఎక్కుతుంది" అన్నాడు. పర్చూరులో పత్తి జిన్నింగు మిల్లున్న ఆయన స్నేహితుడు ఫోన్లో వీడియోలు చూసి పండితుడైపోయాడు. "నువ్వు లాగేదాకా వాడు ఆగుతాడేంట్రా? ఛాంబర్లో తూటా ఎక్కించి సేఫ్టీ మీట వేసుకో, అంతే!" అన్నాడు.

మా అమ్మాయి కూతురు, నాలుగేళ్ళది, మా దగ్గరే ఉంటుంది. "మరి పాప పొద్దస్తమానం మీ నడుం పట్టుకుని వేలాడుతుంది కదండీ?" అన్నాను.

"సేఫ్టీ ఉందన్నాం కదే. నీకర్థం కాదులే, టీ పెట్టు" అన్నాడు మా ఆయన. పెట్టాను. పంచదార మాత్రం వెయ్యలేదు.

మర్నాటి నుంచి ఛాంబర్లో తూటాతోనే టిఫిను, తూటాతోనే పొలం. కూర్చుంటే గుచ్చుకుంటోందని బెల్టు వదులు చేశాడు. వీరులకు పొట్ట కూడా ఉంటుందని ఆ వీడియోల్లో చెప్పలేదు కాబోలు.

ఆ వారమే కళ్ళంలో మిరపకాయలు గోతాలకెత్తుతున్నారు. అన్నయ్య కూడా వచ్చాడు. ఘాటుకు అందరం తుమ్ముతున్నాం. పుట్టినప్పటి నుంచీ మిర్చిలోనే బతికిన మనిషికి తుమ్ములొస్తాయని తెలియదా, నా ఖర్మ కాకపోతే! నాలుగో తుమ్ముకు మా ఆయన రెండుగా వంగిపోయాడు. పిస్టల్ జారి కాయల మీద పడింది. నేను చూసేసరికి పాప దాన్ని రెండు చేతులతో ఎత్తి, గొట్టం తన పొట్టకే పెట్టుకుని, "తాతా, ఇదుగో, పడేసుకున్నావ్" అంటోంది.

అన్నయ్య "కదలకమ్మా బంగారం" అంటూ వెళ్ళి, ముందు గొట్టం పక్కకు తిప్పి, ఒక్కో వేలూ విడదీసి తీసుకున్నాడు. లోపలి తూటా బయటికి లాగి చూపించాడు. "సేఫ్టీ వేసి లేదు బావా" అన్నాడు. ఆ మీట నడుముకు రాసుకుని ఎప్పుడు జారిందో, ఎన్నాళ్ళు అలా తిరిగాడో ఎవరికీ తెలియదు.

అప్పుడు మా ఆయన ఏం చేశాడో తెలుసా? పిల్ల చెంప ఛెళ్ళుమనిపించాడు. "ముట్టుకోవద్దని చెప్పానా లేదా!" అని అరిచాడు. ఎప్పుడూ చెప్పలేదు. హడలిపోయింది ఆయన, దెబ్బ తిన్నది పిల్ల.

ఇప్పుడు పిస్టల్ బీరువాలో, తూటాలు వేరే చోట, తాళాలు నా దగ్గర. రోజూ సాయంత్రం ఆయన వసారాలో నిలబడి చొక్కా పైకెత్తి, చుట్టూ తిరిగి చూపిస్తాడు. "ఏమీ లేదు బంగారం, చూడు. రామ్మా" అంటాడు. పిల్ల శ్రద్ధగా చూస్తుంది. చూసి, నా వెనక్కి వచ్చి నిలబడుతుంది.