మూత లోపలి ఆరో గీత

"టీచరమ్మా, మా మామ పోయిండు. మీ గడియారం మా ఇంట్లనే ఉంది, తీస్కపోండ్రి."

శామీర్‌పేట నుంచి ఫోనులో మల్లయ్యగారి కోడలు అన్న మాటలివి. మేడ్చల్ పాత బస్టాండు దగ్గర, దర్జీ దుకాణం పక్కనున్న చిన్న కొట్టులో నలభై ఏళ్లకు పైగా చేతి గడియారాలు బాగుచేసిన మల్లయ్యగారు ఇక లేరు. రావల్కోల్ బడిలో జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పిన నేను ఆ అమ్మాయితో అన్నది ఒకే మాట: "అట్లనా." ఎంత సిగ్గుచేటు!

నేను ఆయనను మల్లన్న అనే పిలిచేదాన్ని. మమ్మల్ని కలిపింది మా నాయిన గడియారం. పెండ్లిలో మా తాత, అంటే మా అమ్మ తండ్రి పెట్టింది. విదేశీ సరుకని ఇంట్లో అందరికీ మహా గొప్ప. నాయిన పోయాక దాన్ని ఆయన దస్తీలోనే చుట్టి, కలరా ఉండలు వేసి, పదకొండేళ్లు బీరువాలో దాచాను. అదే పితృభక్తి అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. చివరికి ఒకరోజు మల్లన్న ముందు పెడితే ముందుగా వాసన చూశాడు.

"దీనికేమన్న రోగమొచ్చిందా టీచరమ్మా, కలరా గోలీలు ఏసినవ్? దాసిపెడితే లోపల నూనె ఎండిపోతది. రోజు పొద్దుగాల చాయ్ తాగినంక కీ ఇయ్యి. ఏలికి గట్టిగ తగిలిందంటే ఆపు, జబర్దస్తీ చెయ్యకు. మూడేండ్లకోసారి నా దగ్గరికి తీస్కరా, నూనె ఏస్త."

డయలు పసుపుబారింది, కొత్త రంగు వేయించమన్నాను. కంటికున్న భూతద్దం తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "మీ నాయిన రోజు సూసిన ముఖం గిది. తుడిచేసి ఇంకో ముఖం పెట్టిస్తవా?" పెద్ద పెద్ద అధికారులకే ఎదురు చెప్పిన దాన్ని, ఆ రంగు మాట వెనక్కి తీసుకున్నాను.

మల్లన్న మాట నిలకడ ఎంతటిదో తెలియడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. మా అమ్మ పోయిన మరుసటి ఏడు నూనె వేసిన గడియారం తెచ్చుకోవడానికి వెళ్తే, వెనక మూత విప్పి, భూతద్దం నా చేతికిచ్చాడు. మూత లోపలి వైపు వెంట్రుకంత సన్నని గీతలు వరుసగా ఐదున్నాయి. "నేను మూత తీసినప్పుడల్లా ఒకటి గీస్త. పని పూర్తయినంకనే. గీత లేదంటే పని కాలేదన్నట్టు. అసొంటి దానికి కీ ఇస్తే లోపల చక్రాల అంచుకున్న పండ్లు అరుగుతయ్."

గడియారం నేను తెచ్చింది నాలుగు సార్లే. మరి ఐదోది ఎక్కడిది?

"మొదటిది మీ నాయిన తెచ్చినప్పటిది. బాయిల మోటరు దించుతుంటే గడియారం నీళ్లల్ల పడ్డది. రెండు దినాలకు దొరికింది, లోపలంత తుప్పు. పైన డయలు, మూత మీ తాత పెట్టినయే. లోపలి మిషను మాత్రం మన దేశపుది, నేనేసిన. 'నా భార్యకు తెలవద్దు మల్లయ్యా, వాళ్ల నాయిన పెట్టింది, మస్తు బాధపడ్తది' అన్నడు. మాటిచ్చిన."

"తొమ్మిదేండ్లు నా దగ్గర అబద్ధమాడినవా?" అని మండిపడ్డాను.

"అబద్ధమాడలే టీచరమ్మా. సప్పుడు చెయ్యలే. ఇగ ఆమె లేదు, మాట తీరింది."

నవ్వాను, వెంటనే ఏడ్చాను. భార్య మనసు నొవ్వకూడదని బావిలో పడ్డ గడియారాన్ని పట్టుకుని రావల్కోల్ నుంచి మేడ్చల్ దాకా వెళ్లిన ఆ నాయిన నాకు తెలియనే తెలియడు. నాకు తోబుట్టువులు లేరు, పెండ్లి చేసుకోలేదు. మా నాయినను గురించి నాకు తెలియని సంగతి ఒకటి చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో మల్లన్న ఒక్కడే మిగిలాడు. అందుకే పని లేకున్నా ఆ దుకాణం ముందు కూర్చునేదాన్ని.

ఆ రోజే అడిగాను, గీతలు కంటికి ఆననంత సన్నగా ఎందుకు గీస్తావని. "నా ఎనక మూత తీసెటోనికి గీసుకోను జాగ ఉండాలె గద" అన్నాడు.

ఈసారి నూనెకిచ్చి పదిహేను రోజులైనా తిరిగి రాలేదు. ఆయన పోవడానికి మూడు రోజుల ముందు ఫోను చేసి, "ఇస్తవా, వేరే దుకాణంల ఇచ్చుకోవాల్నా?" అని కసిరాను. "గంత పరేషాన్ ఏంది టీచరమ్మా, అయితది" అన్నాడు. నేను ఆయనతో అన్న చివరి మాట అది. నా నోరు పడిపోను!

శామీర్‌పేటలో ఆ కోడలు ఇచ్చిన కాగితం పొట్లం మీద ఆయన చేతిరాత ఉంది, "టీచరమ్మ" అని. లోపల గడియారం ఆగి ఉంది. పని అయిందా అంటే, "మాకేం ఎరుక అమ్మా" అని కళ్లు తుడుచుకుంది. తొమ్మిది రోజులు, రోజూ చాయ్ తాగాక నా చెయ్యి దానంతటదే గడియారం మీదికి పోయింది, వెనక్కి వచ్చింది. గీత ఉందో లేదో తెలియకుండా కీ ఎలా ఇవ్వను? ఆ నిశ్శబ్దంలో ఇల్లు భరించరానిదైంది.

పదో రోజు గండిమైసమ్మ చౌరస్తాలో ఒక గడియారాల దుకాణానికి వెళ్లాను. అతను మూత తీసి, భూతద్దంలో చూసి, "ఏందమ్మా గిన్ని గీతలు? పాలిష్ కొట్టి తీసేయాల్నా?" అన్నాడు.

"చెయ్యి తియ్యి!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. అతని భూతద్దం అందుకుని లెక్కపెట్టాను. ఆరు. ఆరోది కొత్తగా మెరుస్తోంది. నేను కసిరిన తర్వాతే కూర్చుని పూర్తి చేశాడో, అంతకుముందే చేసి ఉంచాడో ఇక తెలియదు. మూత బిగించమని, అక్కడే నిలబడి కీ ఇచ్చాను. నడిచింది.

మల్లన్నా, నీ వంటి సత్యసంధునికి చేతులెత్తి నమస్కరించడం తప్ప ఈ ముసలి పంతులమ్మ ఇంకేం చేయగలదు? రోజూ పొద్దున కీ ఇస్తున్నాను, జబర్దస్తీ చేయడం లేదు. ఆరో గీత పక్కన నువ్వుంచిన జాగ అట్లాగే ఉంది. మూడేళ్లకు నూనె ఎండుతుంది. అప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో చెప్పకుండా పోయావు.