మా తరాజు బావ నడక వైద్యం

మా బావ సత్యనారాయణ కండ్లవడ్డ దేన్నీ తూకమెయ్యకుండ వదిలిపెట్టడు. ఇది అలవాటా, రోగమా అని మా అక్క అనసూయ పెండ్లైన కాడి నుంచి ఆలోచిస్తనే ఉన్నది. బావకు కాశిబుగ్గల కిరాణం దుకాణం ఉండె. కిరాణపాయన తూకమెయ్యక ఏం చేస్తడయ్యా అంటరు మీరు. ఆగుండ్రి, చెప్పనియ్యిండ్రి.

హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకుంటె ముందుగాల తరాజుల పెడ్తడు. "నిన్నటి కంటె రెండు తులాలు తక్కువున్నది. పిండి తగ్గించినవా?" అని హోటలాయనతోటి లడాయి. పోస్టుమాన్ ఉత్తరం తెస్తె, ఇప్పకముందే తూకం. "బరువున్నది. మీ పెద్దమ్మే రాసుంటది" అనేటోడు. ఇప్పి చూస్తె నిజంగనే మా పెద్దమ్మదే, ఎనిమిది పేజీలు.

నాకు కొడుకు పుట్టినప్పుడు చుట్టాలందరు "ముక్కు తాతది, కండ్లు తల్లివి" అని మురుస్తాంటె, మా బావ పిల్లగాన్ని తరాజుల పండవెట్టి అటుదిక్కు రాళ్లేసిండు. "రెండు కిలోల ముప్పావు. తడిబట్ట తీసేస్తె రెండున్నర" అన్నడు. నా భార్య నెలరోజులు ఆయనతోటి మాట్లాడలే.

డెబ్బై తొమ్మిదిల, ఎండలు ఇంకా ముదరకముందు, దవాఖానల బావకు షుగరున్నదని చెప్పిండ్రు. నేను సుబేదారిల ఒక ఆఫీసుల గుమస్తాను. సాయంత్రం పరామర్శకు పోయిన.

"డాక్టరు నడువుమన్నడు బామ్మర్దీ."

"నడువు బావా. కోట చుట్టు మంచి గాలి. పొద్దుగాల అర్ధగంట చాలు."

"కోట చుట్టు ఎవడు తిరుగుతడు? తాడ్వాయి దాటినంక గుట్టలున్నయి. కోయోల్ల గూడేలున్నయి. నాలుగొద్దులు ఒక్క ఊపుల నడిస్తె పనైపోతది."

డాక్టరు రోజుకింత అని చిల్లరగ చెప్పిన నడకను మా బావ టోకుగ కొనవట్టిండు. నేను అక్క దిక్కు చూసిన. ఆమె నవ్వుతదో ఏడుస్తదో తెల్వని మొఖం పెట్టింది.

"నువ్వు గూడ వెంట పో మల్లికార్జున్" అన్నది. "తొవ్వల పులి ఎదురైతె, దాన్ని గూడ తరాజుల ఎక్కుమంటడు ఈ మనిషి."

ఆఫీసుల లీవు పెట్టిన. సోమారం పొద్దుగాల బస్సెక్కుదామని బావ చేతికిచ్చిన సంచి ఎత్తిన. భుజం కిందికి గుంజుకపోయింది.

"ఇదేంది బావా, ఇంత బరువు!"

"ఆరు కిలోలు."

"ఎంతని అడుగలే. ఏమున్నదని అడిగిన."

"రెండు కిలోల రాళ్లు, మూడు."

"నడువబోయేటోల్లకు తూకం రాళ్లెందుకు?"

"బరువు మోసుకుంట నడిస్తె షుగర్ జల్ది దిగుతది."

"మరి షుగర్ నీకు, సంచి నాకా?"

"నీకు రాకుండ ముందుజాగ్రత్త" అని తరాజును మాత్రం తన భుజానికేసుకొని బస్సెక్కిండు. ఆ రోజు బస్సుల ఆ సంచి నా ఒడిల పెట్టుకొని కూసున్న. దిగేసరికి తొడలు మొద్దుబారినయి.

తాడ్వాయిల దిగి ఓ పల్లెల పండుకొని, మంగళారం పొద్దుగాల నడక మొదలువెట్టినం. రెండు వాగులు దాటినంక గుట్ట ఎదురొచ్చింది. గుట్టకు అడ్డంగ రాళ్ల కట్టలు పేర్చి, మన్ను ఆగేటట్టు చేసి, మెట్లు మెట్లుగ చెలకలు చేసుకున్నరు అక్కడి జనం. జొన్న కోసిన మొదళ్లు కాళ్లకు గుచ్చుకుంటాన్నయి. ఒక్కొక్క మెట్టు నా నడుమెత్తు ఉన్నది. మా బావ కొలతేసేటప్పుడు లెక్కవెట్టినట్టు "లాభం... రెండు... మూడు..." అనుకుంట ఎక్కవట్టిండు. ఒకటికి బదులు లాభం అనకపోతె ఆయనకు కాలు లేవదు.

మధ్యాహ్నానికి ఇప్పలగుంపు అనే గూడెం చేరినం. బావ చూరుకు తరాజు ఏలాడదీసి గూడెంల ఉన్నవన్ని తూకమేసిండు. సొరకాయ తూకమేసిండు. కోడిపుంజును తూకమేసిండు, అది ఆయన చెయ్యి పొడిచింది. చంటిపిల్లలను తల్లులే నవ్వుకుంట తెచ్చి పండవెట్టిండ్రు. ఆఖరుకు ఎండవెట్టిన చింతపండు తూకమేసి, "పోయినేడు ఇంత చింతపండు సంతల ఎంత తూగింది?" అని అడిగిండు. వాళ్లేదో చెప్పిండ్రు. నేను కాళ్లు కడుక్కోను వాగుకు పోయిన గనుక సరిగ ఇనలే.

బుధారం పొద్దుగాల సంచి ఎత్తుకుంటె హాయిగున్నది.

"బావా, కొండగాలికి బలమొస్తాంది నాకు!"

"వస్తది, వస్తది" అన్నడు మా బావ నా మొఖం చూడకుండ.

ఆ దినం ఇంకో గూడెం. ఇంకో చూరు. ఇంకో కోడిపుంజు. బేస్తారం పొద్దుగాల సంచి ఇంకా తేలికైంది. నా బలానికి నాకే ముచ్చటేసింది. ఆఫీసుకు పోయినంక పాత ఫైళ్ల బీరువా ఒక్కన్నే జరిపి అందరికి చూపియ్యాలనుకున్న.

నాకు బలం పెరిగింది గని బావకు కాలు బొబ్బలెక్కింది. చెప్పు తెగింది. తువ్వాల చింపి కాలుకు కట్టుకున్నడు. కట్టె ఒకటి ఇరుసుకున్నడు. ఒక్కొక్క మెట్టు ఎక్కుతాంటె మొఖం తెల్లగ పాలిపోతాంది.

"ఎనుకకు పోదాం బావా. నీకు దండం పెడ్త. షుగరున్నోనికి కాలు పుండైతె మంచిది కాదు."

"శుక్రారం పొద్దుగాల గుట్ట కింది సంతల ఉండాలె."

"సంతల ఏమున్నది?"

"బెల్లం. తూకమెట్లున్నదో చూడాలె."

"కాశిబుగ్గల బెల్లం లేదా?"

"ఉన్నది. గని దాన్ని చూసిన."

బెల్లం కోసం కాలు పోగొట్టుకునే మనిషిని నేనెన్నడు చూడలే. కోపమొచ్చింది. గని ఆయన కుంటుకుంట ముందుకు పోతనే ఉన్నడు. ఎనుక నేను కడుపుల తిట్టుకుంట పోయిన.

మూడో గూడెం పేరు చింతలబోడు. అక్కడ సమ్మమ్మ అనే ఆమె, ఆమె పెనిమిటి మొండయ్య మమ్ముల కూసోవెట్టి జావ పోసిండ్రు. వాళ్ల ఇంటెనుక గుట్టమీది చెలకల రాళ్ల కట్టలు సగం కూలిపోయి ఉన్నయి.

"పోయిన వానలకు కొట్టుకపోయినయన్నా" అన్నది సమ్మమ్మ. "జొన్నలు తినతందుకే చాలలే. మాకున్నది ఈ గంపెడు చింతపండు. రేపు సంతల ఇస్తె బియ్యం వస్తయి. వానకాలం పొయ్యి ఎలుగాలంటె అవే దిక్కు."

"పోయినేడు ఎంత తూగింది?" అన్నడు బావ.

"ఏం చెప్పాలె? ఇంటికాడ ఎత్తలేకపోతం, సంతల వెడ్తె తక్కువైతది. తొవ్వల ఎండకు ఎండిందంటడు అక్కడి సేటు. మూడేండ్ల సంది ఇదే."

"ఈపారి గూడ తగ్గితె?"

మొండయ్య కూలిన కట్ట దిక్కు చూసి, "పిల్లలను తీస్కొని గోదారి అవుతలికి కూలికి పోవుడే" అన్నడు. "కట్ట మళ్ల ఎవడు కడ్తడు? చెలక అడివైతది."

బావ లేచిండు. తరాజు ఏలాడదీసిండు. రాయొకటి తీసి, "లాభం... రెండు..." అనుకుంట పదిసార్లు తూకమేసిండు.

"ఇరువై కిలోలు. యాదుంచుకో చెల్లె, ఇరువై" అన్నడు.

నాకు నిద్రొస్తాంది. ఆమెతోటి ఆయన గుసగుసగ ఇంకేదో చెప్తాంటె నేను గోడకు ఒరిగి కండ్లు మూసుకున్న.

శుక్రారం పొద్దుగాల గుట్ట దిగుతాంటె సంచి భుజంమీద ఉన్నట్టే లేదు. సంతకు వచ్చేసరికి జనం కిటకిటలాడుతాండ్రు. చింతపండు కొనే సేటు పెద్ద తరాజు పెట్టుకొని కూసున్నడు. సమ్మమ్మ గంప దించింది. సేటు తన రెండు కిలోల రాయి పెట్టి ఎనిమిదిసార్లు తూకమేసిండు.

"పదహారు" అన్నడు.

"ఇరువై ఉండాలె సేటూ."

"తొవ్వల ఎండకు ఎండింది."

సమ్మమ్మ కొంగు ముడి ఇప్పింది. అండ్ల నుంచి తూకం రాయొకటి తీసి, సేటు రాయికి ఎదురుగ రెండో పళ్లెంల పెట్టింది. సేటు రాయి దిక్కు పళ్లెం దబ్బున కిందికి పోయింది.

నేను గుడ్లప్పగించి చూస్తాన. ఆ కొంగుల రాయి గీతల్ల పసుపున్నది. దీపావళి నాడు తరాజుకు, రాళ్లకు పూజ చేసి మా అక్క పెట్టిన పసుపు! నా సంచిల చెయ్యి పెట్టిన. బావ దస్తి తప్ప ఏం లేదు.

"బావా! అది మన రాయి!"

మా బావ పక్క దుకాణంల బెల్లం ముద్ద చేతుల పట్టుకొని, "ఏ రాయి? నాకెర్కలేదు. జర సప్పుడు చెయ్యకు" అన్నడు.

సేటు గొంతు లేపిండు. "నీ రాయే దొంగది!"

"ఇగో, సర్కారు ముద్ర" అన్నది సమ్మమ్మ. అంతల ఇప్పలగుంపు ఆడామె ముందుకొచ్చి తన కొంగు ఇప్పింది. ఆమె ఎనుక రెండో గూడెం ఆమె. ఇంకో రెండు రాళ్లు బయటవడ్డయి. ఇవి రెండు, సమ్మమ్మ రాయి మార్చి మార్చి పెట్టి చూసిండ్రు. మూడు గూడేల రాళ్లు ఒక్కతీరు తూగినయి. సేటు రాయి ఏదానికి ఎదురు పెట్టినా కిందికే పోయింది.

"తుప్పువట్టి బరువెక్కినట్టున్నది" అన్నడు సేటు, చెమట తుడుసుకుంట.

"నా చింతపండేమో తొవ్వల తగ్గుతది, నీ రాయేమో కూసున్నకాడనే పెరుగుతదా?" అన్నది సమ్మమ్మ.

సంత సంతంతా గొల్లున నవ్వింది. మొండయ్య నవ్వలే. చేతులు కట్టుకొని నిలవడి, "మళ్ల తూకమెయ్యి" అన్నడు. సేటు సమ్మమ్మ రాయితోటే తూకమేసిండు. ఇరువైకి వచ్చింది. బియ్యం మూట మొండయ్య నెత్తికి ఎత్తుకుంటాంటె మా బావ అటు తిరిగి ముక్కు చీదుకున్నడు. బెల్లం ఘాటట.

పక్కకు గుంజి అడిగిన. "ముందుగాల నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు మోస్తువా?"

"సరే, మోయకపోదును. మరి సేటును నువ్వే ఎందుకు నిలదీయలే? నువ్వు గూడ యాపారివే గద!"

"పోయినేడు చింతపండు కొననొచ్చి ఈయన రాయి తూకమేసిన బామ్మర్దీ, నా అలవాటు ఎర్కనే గద. రెండున్నర ఉన్నది. నేను కొట్లాడితె ఆ ఒక్క శుక్రారం సరిగ తూగుతది. వాళ్ల చేతిల రాయి ఉంటె ప్రతి శుక్రారం తూగుతది."

ఆయన కాలుకు కట్టిన తువ్వాల రక్తంతోటి తడిసింది. కూసోవెట్టి నేనే ఇప్పి కడిగి, కొత్తది కట్టిన. తొవ్వంత కడుపుల తిట్టుకున్నందుకు సిగ్గనిపించింది.

బస్సెక్కేటప్పుడు సమ్మమ్మ ఉరికొచ్చి మోదుగాకుల చింతపండు కట్టి ఇచ్చింది. ఇగ ఆ బస్సుల మా బావ అవస్థ చూడాలె! ఒడిల చింతపండున్నది, చేతుల తరాజున్నది, ఎదురు పెట్టతందుకు రాయి లేదు. ఒక్కతీరు అటు కదులుతాండు, ఇటు కదులుతాండు. ములుగు దాటినంక కండక్టరును పిలిచి, "తమ్మీ, నీ టికెట్ల పెట్టె ఎంత బరువుంటది?" అని అడిగిండు.

ఇంటికి రాంగనే అక్క సంచి దులిపింది. "రాళ్లేవి?"

బావ నా దిక్కు చూసిండు.

"వాగుల వడ్డయక్కా" అన్న. "నా చేతుల నుంచే జారినయి."

"మూడూనా?"

"ఒక్కటెనుక ఒక్కటి."

అక్క పకపక నవ్వింది. "పోయినేడు దుకాణంల ఓ రెండు కిలోల రాయి లేకపోతె ఎలుకలు ఎత్తుకపోయినయన్నడు ఈయన. దానికంటె నీ వాగే నయం." లోపలికి పోయి బట్టల కట్టిన మూట తెచ్చి దించింది. అండ్ల కొత్త రాళ్లు ఐదు. అన్నిటికీ పసుపు పెట్టి ఉన్నది.

బావ నోరు తెరిచిండు. "నీకెట్ల ఎర్కే?"

"ఇరువై ఏండ్ల సంది నీతోటి ఉంటాన. నిన్ను తూకమేసుడు నాకు రాదా?" అన్నది అక్క. "నిద్రల గూడేల పేర్లు కలవరిస్తివి. ఐదు లెక్కవెట్టిన. కాలు పుండైంది, ఈ ఏడు ఇచ్చిన మూడు గూడేలు చాలు. మిగిలిన రెండు గూడేలు వచ్చే ఏడు కలుపుకో. మూడిచ్చిన కాడ గూడ ఇంకో రాయి ఉంటె మంచిదే."

మరుసటేడు అదే నెల, అదే బస్సు. షుగర్ ఏం తగ్గలే. ఈసారి సంచి బావ అందుకోకముందే నేనే గుంజుకొని భుజానికేసుకున్న.

"పది కిలోలుంటది బావా" అన్న.

బావ నా దిక్కోసారి చూసిండు. బస్టాండుల పదిమంది చూస్తాంటె నా భుజంమీది సంచి దించి, ఒక్కొక్క రాయి తీసి, తరాజుల పెట్టవట్టిండు.