వృథా పోయే వేడి

దొరబాబు దేన్నయినా, పిల్లల జ్వరం చూసినట్టు, చేతి వెనకవైపు ఆనించి చూస్తాడు. టీ గ్లాసయినా సరే, సిటీ బస్సు కిటికీ ఊచయినా సరే. "నలభై ఒకటి" అని గొణుక్కుంటాడు. మీటరు పెట్టి చూస్తే ఒక్క డిగ్రీ అటూ ఇటూ, అంతే. బొగ్గు వాడకం తగ్గించడానికి, ఒక ఫ్యాక్టరీ పారబోసే వేడిని గొట్టాల్లో పక్క ఫ్యాక్టరీలకు అందించే ప్లాను గీయడం అతని ఉద్యోగం. ఫారంలో 'ప్రస్తుతం వాడుతున్నవారు' అనే గడి ఒకటుంటుంది. ద్వారకా నగర్ ఆఫీసులోంచి కదలకముందే అందులో 'ఎవరూ లేరు' అని రాసేస్తాడు.

మొన్న ముసురులో ఒక ఫ్యాక్టరీ ప్రహరీ బయట, వేడినీళ్ల కాలువ మీద కప్పిన సిమెంటు పలక అంచుకు అలాగే చెయ్యి ఆనించాడు. పలకల మీద, టార్పాలిన్ కింద, ఉప్పుచేపలు పరిచి ఉన్నాయి.

"ఏటి బాబూ కొలుత్తన్నావ్?" అంది ఆ చేపలు ఎండబెట్టుకునే నూకాలు, తడిసిన కొంగు పిండుకుంటూ.

"ఈ వేడి వృథాగా పోతోందమ్మా. గొట్టాల్లో పట్టుకుపోదామని."

"వృథా ఏటి బాబూ? పదకొండు మందిమి. ముసురు పట్టినన్నాళ్లూ మా సేపలు ఎండేది దీని మీదే. నువ్వు పట్టుకుపోతే మావేటి సెయ్యాల?"

దొరబాబు పలక మీద చెయ్యి చాలాసేపు అలాగే ఉంచాడు. అంకె పైకి రాలేదు. మీటరూ తియ్యలేదు.

సాయంత్రం ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు. "ఆ కాలువ దగ్గర ఎంతుందయ్యా?"

"పదకొండు మంది ఉన్నారండీ," అన్నాడు దొరబాబు.

ఆఫీసరు అప్పుడు తలెత్తాడు.