వరుస మొదట్లో చెప్పులు

నేను బొమ్మలు గీస్తానని ఇంట్లో ఒక్క చిన్నమ్మకే తెలుసు. ఆమె ఇంకా కుడిచేత్తో అన్నం కలుపుకునే రోజుల మాట ఇది. ఫోన్‌లో వేలితో గీసేదాన్ని, వారానికొక వెబ్ కామిక్, నాలుగు గళ్లు. అందులో ఒక కంప్యూటరు, దాని ముందు ఒక పిల్ల. ఏం జరిగినా కంప్యూటరు "అంతా బాగుండాది" అంటుంది. చదివేవాళ్లు ఎక్కువగా బెంగళూరు సాఫ్ట్‌వేర్ వాళ్లు. అది తమ ఆఫీసేనని ప్రతి ఒక్కరికీ అనుమానం. "మా మేనేజర్‌ను మీరెప్పుడు చూశారండీ?" అని అడిగేవారు.

నేను చూసింది వల్లూరు దగ్గర సోలార్ పార్కులో కంట్రోల్ రూమును. డిప్లొమా చదివి అందులో చేరాను. గోడ నిండా తెరలు, తెరల నిండా పచ్చ చుక్కలు, ఒక్క కిటికీ లేదు. బయట, మేం శెనక్కాయ వేసుకున్న చోట, సోలార్ పలకల వరుసలు. చేను లీజుకు పోయింది. దాని వెనకే మేమిద్దరం పోయాం, చిన్నమ్మ పలకలు తుడవడానికి ఎండలోకి, నేను ఏసీలోకి.

తుడిచే ఆడవాళ్లకు బూట్లిచ్చారు. వాళ్లు బూట్లు వేసుకుని, సొంత చెప్పులు వరుస మొదట్లో వదిలి లోపలికి పోయేవారు. పలకలు మనిషెత్తు. ఈ చివర నిలబడితే ఆ చివర ఎవరున్నదీ కనబడదు. చెప్పులుంటే మనిషి లోపల ఉన్నట్టు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, వాళ్లే అలవాటు చేసుకున్నారు. నీళ్ల ట్రాక్టరు నడిపే ఆయన కూడా చెప్పులు చూస్తే పక్క వరుసకు తిప్పుకునేవాడు.

తర్వాత తుడిచే యంత్రం వచ్చింది. పలకల మీద ఈ కొస నుంచి ఆ కొసకు జారుకుంటూ పోయే ఇనుప చట్రం, దానికి పొడుగాటి బ్రష్షు. బటన్ నా టేబుల్ మీద. అంచులు దానికి సరిగ్గా రావు కాబట్టి ఆడవాళ్లను పూర్తిగా తీసెయ్యలేదు, తగ్గించారు. చెయ్యి అడ్డమొస్తే అది ఆగదు. వచ్చిన కొత్తలోనే ఒకామె కొంగును లాగేసుకుంది. చీర చిరిగింది కాబట్టి ఆమె బయటపడింది. ఆ పూట కూడా నా తెర మీద ఆ వరుస పచ్చగానే ఉంది.

నాకు భయం పట్టుకుంది. నొక్కేముందు కెమెరాలో వరుస మొదలు వెతికేదాన్ని. చిన్నమ్మవి హొసకోట అంగడిలో కొన్న నీలం పట్టీల చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు. చెప్పులు ఎవరివి కనబడినా బటన్ జోలికి పోయేదాన్ని కాదు. మేనేజరు విసుక్కునేవాడు. తెర ఖాళీ అంటే ఆయనకు ఖాళీయే. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమనే రకం.

ఆ మంటతోనే గీశాను. మూడు గళ్లలో కంప్యూటరు "వరుస ఖాళీగుండాది" అంటుంది. నాలుగో గడిలో ఒక చెప్పుల జత, పట్టీకి పిన్నీసు. నా బొమ్మల్లో అంతగా చేతులు మారింది ఇంకొకటి లేదు. మేనేజరు ఫోన్‌కూ వచ్చింది. గీసిందెవరో తెలియక నాకే చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. పైవాళ్లు మాత్రం నవ్వలేదట. ఇది మన పార్కేనా అని అడిగారట. వరుసల మొదట్లో చెప్పులు కనబడకూడదని ఆర్డరు వచ్చింది. చూడ్డానికి వచ్చేవాళ్ల కంటికి బాగుండదట.

తప్పు నాదని నేను ఇప్పటికీ అనుకోను. బొమ్మలో కంప్యూటరును వదిలేసి చెప్పుల్ని పట్టుకున్నవాళ్లది.

"ఇంగ పని మానెయ్ చిన్నమ్మా" అన్నాను ఆ సాయంత్రం.

"మాని ఏం చేయల్ల? చేనుండాదా చేసుకునేకి?"

"ఫోన్లు గేటు కాడనే పెట్టించుకుంటారు. నువ్వు లోపలుండేది నాకెట్ల తెలుస్తాది?"

ఆమె చెప్పులు విప్పి గడప పక్కన జతగా పెట్టింది. "రేపట్నుంచి ఈడ్నే వదిలి, బూట్లతోనే పోతా. ఇవి ఈడుంటే నేను ఆడుండేట్టు. వచ్చినాక తీసి లోపల పెట్టుకుంటా. సరేనా?"

అందరి ఇళ్లలో గడప ముందు చెప్పులుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. మా ఇంట్లో లేనట్టు. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు వీధి మలుపు నుంచే చూసుకునేదాన్ని. చెప్పులు కనబడకపోతే ప్రాణం కుదుటపడేది, ఆమె వచ్చి వాటిని లోపల పెట్టుకుందనో, వేసుకుని నీళ్లకో అంగడికో పోయి ఉంటుందనో.

కొన్నాళ్లకు ఆ బటన్ కూడా నా టేబుల్ మీద నుంచి పోయింది. దుమ్ము ఎక్కువైందని కంప్యూటరుకు తోస్తే యంత్రం తనంతట తానే కదిలేది. చూస్తూ కూర్చోవడమే నా పని.

ఆ రోజు పొద్దు వాలేవేళ బస్సు దిగి నడుస్తుంటే, చిన్నమ్మతో పనిచేసేవాళ్లు ఎదురొచ్చారు. అందులో ఆమె లేదు.

"మా చిన్నమ్మ యాడమ్మా?"

"నీకంటే ముందే ఇంటికొచ్చినాదేమో అనుకుంటిమే" అన్నారు.

మలుపు దాకా పరిగెత్తాను. గడప పక్కన నీలం చెప్పులు పొద్దున వదిలినట్టే ఉన్నాయి. కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, యంత్రం ఏ వరుసలో ఉందో చూడమన్నాను. నా తర్వాతి షిఫ్టు అతను తెర చూసి, తీరిగ్గానే చెప్పాడు.

"అంతా బాగుండాదక్కా."