ఆ వీకెండ్ రాళ్లు నానలేదు

ఈ బరువు మోస్తూనే నా జుట్టు నెరిసిపోయింది. శాంతకి కూడా చెప్పలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన భార్యకి చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు. బహుశా మీరు నా మొహం చూడరు కాబట్టి. పిరికివాణ్ణి. అప్పుడూ అంతే.

డెబ్బైల చివర. నార్త్ కరొలైనాలో ఒక చిన్న ఊళ్లో, రోడ్డు సామగ్రి పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. తారులో కలిపే కంకర గట్టిదో కాదో తేల్చాలి. అందులో ఒక పరీక్షకి మహా ఓపిక కావాలి. కంకరని ఉప్పులాంటి రసాయనం కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ నానబెట్టాలి. అలా ఐదుసార్లు. రాయి మెత్తటిదైతే చలికాలం మంచుకి పగిలినట్టే ఆ నీళ్లకి పగులుతుంది. శనాదివారాలైనా ఒకరు వచ్చి చూసుకోవాల్సిందే. నేనూ, డేవిడ్ అని ఇంకో టెక్నీషియనూ వంతులు వేసుకునేవాళ్లం.

ఆ వీకెండ్ వంతు నాది. అదే శనివారం అట్లాంటాలో ఒక యూనివర్సిటీ హాల్లో తెలుగు సినిమా వేస్తున్నారని ఫోన్ వచ్చింది. శాంత అమెరికా వచ్చి ఏడాది. మా ఊళ్లో తెలుగు ముక్క వినబడదు. ఆ మాట చెవిన పడగానే పట్టుచీర తీసి ఇస్త్రీకి కూర్చుంది. ఎలా కాదనను? అంత దూరం వెళ్లి రావడానికి శని, ఆదివారాలు రెండూ పోతాయి. ఎండిన రాళ్లని అలాగే ఉంచి సోమవారం మళ్లీ మొదలుపెట్టొచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. కాకపోతే రిపోర్ట్ రెండు రోజులు ఆలస్యమవుతుంది, బాస్ అరుస్తాడు. ఆ అరుపుకి భయపడి, సోమవారం వచ్చి మూడుసార్లు నానిన రాళ్లనే జల్లించి, తూచి, ఐదుసార్లు నానాయనీ, రాయి గట్టిదేననీ రాసేశాను. ఇంతే.

రెండో చలికాలానికి ఆ కంకరతో వేసిన రోడ్డు పైపొర పొట్టులా రాలిపోయింది. దాచి ఉంచిన అదే కంకరని ల్యాబ్‌లో మళ్లీ నానబెడితే పగిలిపోయింది. బాస్ నన్ను గదిలోకి పిలిచి, ఆ వీకెండ్ డ్యూటీలో ఎవరున్నారని అడిగాడు. ఎవరు ఏ రోజు వచ్చారో రాసుకునే అలవాటు మాకు లేదు. నా గ్రీన్ కార్డ్ ఆయన చేతిలో ఉంది. ఇంట్లో నెల పాప.

డేవిడ్ అన్నాను.

నోరు జారిందా? చాలాకాలం అలాగే నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. ఆ వీకెండ్ నాటికి డేవిడ్ విపరీతంగా తాగేవాడనీ, ఆ తర్వాత మానేసి ఏడాదైనా కాలేదనీ, అతను కాదన్నా ఎవరూ నమ్మరనీ నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అసలు సిగ్గు ఆ తర్వాతిది. ఉద్యోగం పోయిన రోజు అతను నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“సారీ మ్యాన్. ఆ వీకెండ్ నాకు అస్సలు గుర్తు లేదు. తాగి పడి ఉంటాను. నా వల్ల నీకూ చెడ్డ పేరు.”

“ఫర్వాలేదులే, డేవిడ్.”

ఫర్వాలేదట! ఛీ, ఏం మనిషిని నేను? చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని ఒక మనిషి చెయ్యి చాపితే, పెద్ద మనసున్నవాడిలా అందుకున్నాను. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ తాగుడు మానినవాడికి తన మీద తనకుండే ఆ కాస్త నమ్మకమే ఆధారం కదా, దాన్నే నేను లాగేశాను. కొన్ని నెలలకి మళ్లీ తాగుతున్నాడని ల్యాబ్‌లో చెప్పుకున్నారు. నేను వింటూ కాఫీ కలుపుకున్నాను. తర్వాత ఎటు వెళ్లాడో తెలియదు. కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.

అమెరికాలో తన మొదటి సంతోషం ఆ సినిమా రోజేనని శాంత ఇప్పటికీ పిల్లలకి చెబుతుంది. నేను లేచి అవతలికి వెళ్లిపోతాను.

మీరు నన్ను క్షమించక్కర్లేదు. ఆ హక్కున్నవాడు ఒక్కడే. తప్పు తనదే అనుకుంటూ అతను ఎక్కడ బతుకుతున్నాడో, అసలు ఉన్నాడో లేడో. డేవిడ్ ఆ వీకెండ్ ఏమీ పాడుచెయ్యలేదు. అక్కడ ఉండాల్సింది నేను. ఈ మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదటిసారి. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.