మంచం మీద బియ్యం బస్తా

రిటైరయ్యాక మా ఆయన పాత వ్యాన్ ఒకటి కొని, జగ్గయ్యపేటలో ఒక షెడ్డులో దాన్ని ఇల్లుగా మార్పించారు. వెనక సీట్లు పీకించి మంచం, గ్యాస్ పొయ్యి, చెక్క బీరువా పెట్టించారు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య కాళ్లు చాపుకునే కాశీ వెళ్లొచ్చని ఆయన సంబరం. సీట్లతో పాటు బెల్టులూ పాతసామాన్లవాడికి పోయాయి. అది తెలిసి నాకు ఒళ్లు మండింది.

"బండి నడుస్తుంటే అత్తయ్య మంచం మీద పడుకోవడానికి వీల్లేదు" అన్నాను.

"ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా. ఒక్క గీత పడిందా?"

"మీరు బాగానే నడుపుతారండీ. ఎదురొచ్చే లారీవాడికి ఆ సంగతి తెలియాలిగా!"

"చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఇంకా ఏంటే నీ గోల?"

"నిమ్మకాయ బ్రేకు వేస్తుందా?"

అత్తయ్యదీ కొడుకు పక్షమే. "నీదంతా చాదస్తం అమ్మాయ్. ఒక్క కునుకు తీసి లేస్తే కాశీలో ఉంటా" అంది. నాకు పిరికిదని పేరు పడింది. పడితే పడనీ! ఆవిడ కాశీ చూడాలని నాకూ ఉంది. ప్రాణంతో చూడాలని ఉంది.

కొత్త బండిని ముందు పరిటాల ఆంజనేయస్వామికి చూపిద్దామని బయల్దేరాం. అత్తయ్య మంచం ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాను. బలవంతాన ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టి బెల్టు బిగించాను. ఇంట్లోంచి తెచ్చిన పాతిక కిలోల బియ్యం బస్తాని మంచం మీద పడుకోబెట్టాను.

"ఇవాళ్టికి ఇదే అత్తయ్య" అన్నాను. మా ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

దారి పొడుగునా సిమెంటు లారీలే. నందిగామ దగ్గర హైవే దింపించి, ఖాళీగా ఉన్న పక్క రోడ్డులో బండి ఆపించాను. అత్తయ్యని టీ కొట్టు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ ఎక్కాను.

"నలభైలో పోనిచ్చి గట్టిగా బ్రేకు కొట్టండి."

"కొడతా. అప్పుడైనా నోరు మూస్తావా?"

"ఏం కాకపోతే కాశీ దాకా నోరెత్తను."

కోపంగానే తొక్కారు. బెల్టు నా భుజాన్ని కోసింది. వెనక పెళ్లుమని చప్పుడు. బస్తా మంచం మీంచి లేచొచ్చి బీరువా తలుపు పగలగొట్టింది. కుట్లు తెగి బియ్యం మా కాళ్ల దాకా వచ్చాయి. మంచానికి కొట్టిన మేకులు కూడా ఊడాయి. ఆయన స్టీరింగ్ వదల్లేదు. గెలిచానన్న సంతోషం నాకు ఇసుమంతైనా కలగలేదు.

బండి వెనక్కి తిప్పి టీ కొట్టు దగ్గర ఆపాం. మా ఆయన దిగి, వెనక తలుపు తీసి, తలెత్తకుండా బియ్యం ఎత్తుతున్నారు. అత్తయ్య కర్ర పట్టుకుని వచ్చి లోపలికి చూసింది. పగిలిన చెక్కని చూసింది, చిరిగిన బస్తాని చూసింది.

"ఒరేయ్ అబ్బాయ్, నేను దీనికి రెండింతలుంటానురా" అంది.