వీరాస్వామి రెండో గొట్టం

ధవళేశ్వరం దగ్గర గోదారి అడుగున ఏముందో వీరాస్వామికి తెలిసినంతగా తన ఇంటి అటక మీద ఏముందో తెలియదు. జారిపోయిన లంగర్లు, కడియాలు, ఒక్కోసారి మనుషులు. ముప్పై ఏళ్లుగా ఊపిరి బిగబట్టి మునిగి, అన్నీ పైకి తెచ్చినవాడు. నడుముకు తాడు. ఒడ్డున ఆ తాడు కొస పట్టుకునేది భార్య లోవలక్ష్మి. ఒకసారి లాగితే బాగున్నట్టు, రెండుసార్లు లాగితే పైకి తియ్యమన్నట్టు. ఆ కొస పరాయి చేతికివ్వడం వాళ్ల ఇంటావంటా లేదు.

రెండువేల ఒకటిలో ఇసుక పడవొకటి లోతులో మునిగింది. దానికి గొలుసు కట్టాలంటే చాలాసేపు కిందే ఉండాలి. కాంట్రాక్టరు విశాఖపట్నం నుంచి గాలి సిలిండర్లనూ, వాటితో ఈత నేర్పే ఉదయ్‌భాస్కర్ మాస్టారినీ రప్పించాడు. "కింద ఈ సిలిండరు గాలి పీల్చాక ఊపిరి బిగబట్టి మాత్రం పైకి రాకండి, ఊపిరితిత్తులు పగిలిపోతాయి" అని మాస్టారు రోజుకు పదిసార్లు చెప్పాడు. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన విద్యే తప్పట! వీరాస్వామికి సగం మతి అక్కడే పోయింది.

మిగతా సగం రెండో గొట్టం దగ్గర పోయింది.

"నోట్లోది మొరాయిస్తే ఇంకోటి ఉండాలి. పెద్ద సిలిండరుకే మరో గొట్టం తగిలించుకోవచ్చు. లేదంటే విడిగా చిన్న సిలిండరు, దాని గొట్టం దానికే. ఏది కావాలో మీరే చెప్పండి" అన్నాడు మాస్టారు.

"మొదటిదాంట్లో రెండో గొట్టం ఎవరికండి?"

"పక్కనున్నవాడికి గాలి అయిపోతే ఇవ్వడానికి."

"ఆయ్, నా పక్కన చేపలే కదండి ఉండేది!"

"అయితే చిన్న సిలిండరే తీసుకోండి. కాకపోతే బరువు. ఎక్కడైనా చిక్కుకోవచ్చు కూడా."

తేలికంటే ఇది, భద్రమంటే అది. రెండూ ఇసుకలో పెట్టుకుని, ఒకటి ఎత్తి దించి, ఇంకోటి ఎత్తి దించి, పొద్దంతా గడిపాడు. చివరికి లోవలక్ష్మికి ఒళ్లు మండింది.

"ఒక బిందెకి రెండు గొట్టాలెట్టినా, నీళ్లయిపోతే రెండూ ఎండిపోవా మావా? ఆ చిన్నదే పట్టుకెళ్లు. నాకు నువ్వు పైకి రావాలి, అంతే."

"కింద ఏది ఏదో ఎలా తెలుస్తుందే?"

"దానికి పసుపు రంగుందిగా" అన్నాడు మాస్టారు. మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు. బురద గోదారిలో తన చెయ్యి తనకే కనబడదు, పసుపేం కనబడుతుంది! లోవలక్ష్మి కొబ్బరితాడు పోగొకటి తీసి చిన్న సిలిండరు గొట్టానికి, నోట్లో పెట్టుకునే చోటు దగ్గరగా, మూడు ముళ్లు వేసింది. పెళ్లినాడు ఆయన వేశాడు, ఇన్నాళ్లకు ఈవిడ వంతు వచ్చింది.

మర్నాడు గొలుసు కడుతుండగా పీల్చితే గాలి రాలేదు. పైకి తన్నబోయి ఆగాడు. ఊపిరి బిగబట్టి పైకి రావద్దన్నారు, కిందుంటే గాలి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భయం వేసింది. చేతికి తగిలిన గొట్టాలన్నీ నున్నగా ఒకేలా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా గరుకుగా పీచు తగిలింది. ఒకటి, రెండు, మూడు. నోట్లో పెట్టుకుని నీళ్లు ఊదేసి పీల్చాడు. గాలి వచ్చింది. తాడు రెండుసార్లు లాగాడు.

ఒడ్డున మాస్టారు గొట్టం విప్పి ఎక్కడ పట్టేసిందో వివరిస్తున్నాడు. వీరాస్వామికి ఒక్క ముక్కా తలకెక్కలేదు. అతని చూపంతా లోవలక్ష్మి చేతుల మీదే ఉంది. తాడు ఒరుసుకుని అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"వచ్చేశానుగా, వదులింక."

"ముందు నీ నడుముకున్నది విప్పు."

అతను చాలాసేపటిదాకా ఆ తాడు విప్పలేదు.